రేకుల చెయ్యి

"అమ్మా, నువ్వు నొక్కుతున్నది పేను కాదు, నా వెంట్రుక" అంది దుర్గాశ్రీ.

సత్యప్రియ వంగి చూసింది. నిజమే. రెండు బొటనవేళ్ళ గోళ్ళ మధ్య నల్లటి వెంట్రుక ముక్క ఉంది. పేను ఎప్పుడు జారిపోయిందో ఏమో, ఒళ్ళో పరిచిన పాత తువ్వాలు మీద తాపీగా నడుచుకుంటూ పోతోంది. వేళ్ళ మధ్య పేను దొరికితే తెలియాలి కదా, అంత చిన్న ప్రాణం కూడా కాళ్ళు కొట్టుకుంటుంది. పెళ్ళికి ముందు ఆలమూరులో, కరెంటు పోయినా సరే, చెల్లెలి తలలో తడిమి పేలు పట్టిన వేళ్ళవి. ఇప్పుడు కళ్ళు చికిలించి చూసి పట్టుకోవలసి వస్తోంది. వయసు మీద పడుతోందేమో అనుకుంది. ముప్ఫై నాలుగేళ్ళకి మీద పడే వయసేమిటో ఆమెకీ తెలియదు. అంతకంటే ఆలోచించే తీరిక లేదు, రేపే బడి.

పిల్లలు సెలవుల తర్వాత బడికి వెళ్ళడమంటే భర్త నాగేంద్రకి కొత్త బూట్లు కొనడం, అత్తగారు కనకరత్నానికి పగటిపూట ఇల్లు నిశ్శబ్దంగా ఉండడం. సత్యప్రియకి మాత్రం అది వేరే సంగతి. తొలకరీ, బడీ, జ్వరాలూ ఈ మూడూ ఒకే బస్సు దిగుతాయి ఆత్రేయపురంలో. అవి దిగేలోగా ఆమె చెయ్యాల్సినవి బోలెడు. నులిపురుగుల మాత్ర నమిలించాలి, మింగినట్టు నటించి బుగ్గలో దాచుకుంటారు కాబట్టి నోరు తెరిపించి నాలుక కింద కూడా చూడాలి. నీళ్ళ సీసాల మూతల్లో పేరుకున్న పాచిని పుల్లతో గోకాలి. దోమతెర చిల్లులు కుట్టాలి. గోళ్ళు తీయాలి. చంటాడికి వాము నీళ్ళు, పెద్దదానికి తలకి వేపనూనె. కాచిన నీళ్ళు చల్లారబెట్టి, వడగట్టి, ఎవరూ మునివేళ్ళు ముంచకుండా మూత పెట్టాలి. ఈ పనులేవీ ఎవరికీ కనపడవు. పిల్లాడికి జబ్బు చేసినప్పుడు మాత్రం, వాడికి తల్లి ఎవరో ఇంటిల్లిపాదికీ ఠక్కున గుర్తొస్తుంది.

చంటాడంటే సూర్యతేజ. ఐదేళ్ళవాడు, ఈ ఏడు యూకేజీ. వాడికి రెండో ఏట ఒకసారి, మూడో ఏట ఒకసారి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. చేతుల్లో వాడు కట్టెలా బిగుసుకుపోయి కళ్ళు తేలేసిన ఆ కాసేపు సత్యప్రియ జీవితంలోంచి ఇప్పటికీ పోలేదు. "కొంతమంది పిల్లలకి ఒళ్ళు వేడెక్కితే అలా వస్తాయమ్మా. ఆరో ఏడు దాటితే పోతాయి. అంతదాకా ఒళ్ళు వెచ్చబడుతోందనగానే మందు వెయ్యండి, ఏమరకండి" అన్నారు డాక్టరుగారు. అది మొదలు ప్రతి ఉదయం ఆమె కుడిచెయ్యి వాడి నుదుటి మీద, తర్వాత మెడ వెనక. ఆ తర్వాతే ఆ ఇంట్లో ఎవరి కాఫీ అయినా.

మొదట్లో థర్మామీటరు ఉండేది. దాని బ్యాటరీ అయిపోయాక రావులపాలెం వెళ్ళినప్పుడు కొత్తది తెమ్మని నాగేంద్రకి చెప్పింది. తెస్తానన్నాడు. రెండోసారి చెప్తే మర్చిపోయేనన్నాడు. మూడోసారి చెప్పేసరికి కనకరత్నం అందుకుంది. "నీ చెయ్యుండగా ఆ పుల్లెందుకే అమ్మాయ్? పుల్లలు పెట్టుకునే పెంచేవేటి మేం పిల్లల్ని?" అది పొగడ్తో దెప్పిపొడుపో సత్యప్రియకి అర్థం కాలేదు. ఆ ఇంట్లో చాలా మాటలు అంతే, రెంటికీ పనికొస్తాయి. నాలుగోసారి ఆమె అడగలేదు.

అయినా ఆ చెయ్యికి పేరుంది. నున్నటి కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని దాని మీద ఒక్కసారి పరిచి లాగితే, రెప్పపాటులో పొర కడుతుంది. ఆ పొరని చేత్తోనే తీయాలి. అట్లకాడ తగిలిందా, చిరిగిందే. పూతరేకు అంటే ఆ పొరే. తెల్లారకముందు నుంచి కుండ ముందు కూర్చోవడం, రేకులు తీయడం, నెయ్యీ బెల్లంపొడీ జల్లి మడతలు పెట్టడం సత్యప్రియ పని. వాటిని డబ్బాల్లో సర్ది రోడ్డు మీద కొట్లో అమ్మడం నాగేంద్ర పని. కొట్టు బోర్డు మీద పేరు కనకరత్నం గారిది, నవ్వుతున్న ఫోటో కూడా ఆవిడదే. ఆవిడ కుండ ముందు కూర్చోవడం మానేసి చాలా ఏళ్ళయింది. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. సూర్యతేజని బడిలో వేసినప్పుడు, తల్లిగారు ఏం చేస్తారండీ అని శారోన్ టీచర్ అడిగితే, "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు నాగేంద్ర. అబద్ధమాడుతున్నానని అతను అనుకోలేదు. అదే సత్యప్రియకి విచిత్రంగా అనిపించింది. అప్పుడు ఆమె గోళ్ళ కింద ఇంకా పిండి ఉంది.

మొన్న ఎండాకాలం యూట్యూబు వాళ్ళు వచ్చారు. కెమెరా కుండకి దగ్గరగా పెట్టి సత్యప్రియ చేతుల్ని తీశారు. ముఖం అక్కర్లేదన్నారు, మంట వెలుగు పడి బాగా రాదట. "చెయ్యి కాలదాండీ?" అని ఆమెనే అడిగారు గానీ, జవాబు కనకరత్నం చెప్పింది. "కాలదండీ. మా కోడలి చెయ్యి కుండకి అలవాటు పడిపోయింది. నిప్పు మీద పెట్టినా తెలీదు దానికి. రేకుల చెయ్యంటామండీ మేం. అందరికీ రాదది." మూడో తరం కూడా ఉందని చూపించడానికి దుర్గాశ్రీని కాసేపు కుండ ముందు కూర్చోబెట్టారు. దాని వేళ్ళు ఎర్రగా కందిపోతే సత్యప్రియ చన్నీళ్ళలో పెట్టించింది. "అలవాటవుతుందిలే, మొదట్లో అందరికీ అంతే" అంది కనకరత్నం. ఆ వీడియో కొట్లో టీవీలో రోజంతా తిరుగుతూనే ఉంటుంది. రేకులు కొనడానికి వచ్చినవాళ్ళు సత్యప్రియ చేతుల్ని చూసి ఆహా అంటారు. సత్యప్రియ ఎదురుగా డబ్బాలు తెచ్చిచ్చినా ఆ చేతులు ఈమెవేనని ఎవరూ పోల్చుకోరు.

ఒకసారి ఏదో నమోదుకని సచివాలయానికి వెళ్తే ఆమె వేలిముద్ర పడలేదు. పది వేళ్ళూ ఒక్కొక్కటే పెట్టించి చూశారు. "అరిగిపోయేయే నీ వేళ్ళు" అని నవ్వాడు నాగేంద్ర. ఆమె కూడా నవ్వింది. నవ్వాల్సిన చోట నవ్వడం, తలూపాల్సిన చోట తలూపడం ఆమెకి బాగా వచ్చు. మాట తగిలిన చోట నొప్పి పుట్టడం ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకే తెలియదు. ఒక రోజున ఆగిపోయింది కాదు. రోజుకి కాస్త చొప్పున పోయి ఉంటుంది.

బడి తెరిచాక మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారానికి ఆషాఢం సారెలకి ఆర్డర్లు మొదలయ్యాయి. కొత్త పెళ్ళికూతుళ్ళ పుట్టిళ్ళ వాళ్ళు బుట్టల్లో పెట్టి పంపించే మిఠాయిల్లో పూతరేకు లేకపోతే గోదావరి జిల్లాల్లో పరువుండదు. ఆ ఉదయం సత్యప్రియ పిల్లలింకా లేవకముందే కుండ వెలిగించింది. వాన ముసురు పట్టి కొబ్బరాకులు సరిగ్గా మండటం లేదు. ఊదీ ఊదీ కళ్ళు మండుతున్నాయి. అప్పుడు సూర్యతేజ కళ్ళు నులుముకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, చలేస్తోంది."

"బడనేసరికి చలొచ్చేస్తుంది వీడికి. సెలవల్లో ఏనాడన్నా వేసిందా?" అంది కనకరత్నం పెరట్లోంచి.

నాగేంద్ర అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటున్నాడు. వాడు అతని పక్కనే ఉన్నాడు. అతను చెయ్యి చాపితే అందేంత దూరం. "సత్యా, ఓసారి చెయ్యేసి చూడు" అన్నాడు.

సత్యప్రియ కుండ ముందు నుంచి లేచింది. కొంగుకి చెయ్యి తుడుచుకుని వాడి నుదుటి మీద పెట్టింది. తర్వాత మెడ వెనక. ఎప్పటిలాగే కాసేపు ఉంచింది. ఏమీ తెలియలేదు. ఏమీ తెలియలేదంటే ఏమీ లేదనే కదా. చల్లగానే ఉన్నాడు. వెనక కుండ మీద గుడ్డ ఆరిపోతోంది.

"ఏం లేదండీ, చల్లగానే ఉంది" అంది.

ఆ ఇంట్లో చాలా విషయాల్లో ఆమె మాటకి విలువ లేదు గానీ, ఈ ఒక్క విషయంలో ఆమెదే ఆఖరి మాట. అమ్మ చూసేసింది కాబట్టి చంటాడికి చలి వేయడానికి వీల్లేదు. వాడికి స్నానం చేయించింది, జేబురుమాలు పిన్నుతో చొక్కాకి గుచ్చింది, పెరుగన్నం డబ్బా సంచిలో పెట్టింది. స్కూలు ఆటోలో అక్క పక్కన కూర్చున్న వాడు ఆ రోజు చెయ్యి ఊపలేదు. అది గమనించింది. గమనించి, కుండ దగ్గరికి వెళ్ళింది.

పొద్దెక్కాక ఫోను మోగింది. శారోన్ టీచర్. "తల్లిగారాండీ? కంగారు పడకండి. బాబుకి ఫిట్స్ వచ్చేయండీ. ఇప్పుడు తగ్గింది, స్పృహలోనే ఉన్నాడు. ఒళ్ళు మాత్రం కాలిపోతోందండీ. మేం రావులపాలెం తీసుకెళ్ళిపోతున్నాం, మీరు అక్కడికి వచ్చెయ్యండి. పొద్దున్న ఎవరూ చూడలేదాండీ?"

చూసేనండీ, అందామనుకుంది. కుండ మీద పరిచిన గుడ్డ అలాగే ఉండిపోయి మాడిన వాసన వచ్చాక గానీ తను ఇంకా అక్కడే నిలబడి ఉన్నానని ఆమెకి తెలియలేదు.

ఆస్పత్రిలో వాడు మంచం మీద చిన్నగా కనిపించాడు. చేతికి సెలైను సూది. కళ్ళు తెరిచి అమ్మని చూసి మళ్ళీ మూసుకున్నాడు. డాక్టరమ్మ నాగేంద్ర వంక తిరిగి, "ఇది ఇవాళ పొద్దున్న బడికి వెళ్ళేక వచ్చిన జ్వరం కాదండీ, రాత్రి నుంచే ఉండుండాలి. ఇలాంటి పిల్లాణ్ణి ఇంట్లో ఎవరూ చూసుకోలేదా?" అంది.

"ఆయ్, వాళ్ళమ్మ చూసిందండీ" అన్నాడు నాగేంద్ర.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. వాళ్ళమ్మే చూసింది. డాక్టరమ్మ ఈసారి సత్యప్రియ వంక చూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండునని సత్యప్రియకి అనిపించింది. ఆ తర్వాత ఆటోలో కనకరత్నం వచ్చింది, గోరుచుట్టు మీద రోకటిపోటులా. "కన్నతల్లివే నువ్వు? చెయ్యేసి చూసి మరీ పంపించేవు కదే! ఏం చూసేవు ఆ చేత్తో? ఆర్డర్ల మీదున్న ధ్యాస పిల్లాడి మీద ఉండొద్దా?" మధ్యాహ్నానికల్లా రేకులు అందకపోతే సారె వాళ్ళ దగ్గర పేరు పోతుందని పొద్దున్న పెరట్లోంచి రెండుసార్లు హెచ్చరించిన నోరే అది. వార్డులో మిగతా పిల్లల తల్లులందరూ ఇటు తిరిగారు. వాళ్ళ చూపుల్లో జాలి ఉంది, కాస్త భయం ఉంది, మనం కాదులెమ్మన్న ఊరట కూడా ఉంది. సత్యప్రియ గోడకి ఆనుకుని నిలబడింది. ఏడుపు రావాలి. రాలేదు. నేనే వాణ్ణి చంపేసేదాన్ని అని మనసులో అనుకుని చూసింది, అప్పుడైనా వస్తుందేమోనని. ఎవరో వేరే ఆవిడ గురించి అనుకున్నట్టుంది. "చూడు, కంట్లో చుక్క లేదు దీనికి" అన్నాడు నాగేంద్ర తల్లితో, మెల్లగానే.

కాసేపటికి నర్సు వచ్చి, "జ్వరం ఇంకా దిగలేదమ్మా. గోరువెచ్చటి నీళ్ళతో ఒళ్ళు తుడుస్తూ ఉండండి" అని చెప్పి వెళ్ళింది. వేణ్ణీళ్ళు వరండా చివర కుళాయిలో వస్తాయి. సత్యప్రియ బేసినులో నీళ్ళు పట్టి, కొంచెం చన్నీళ్ళు కలిపి, చెయ్యి ముంచి చూసుకుంది. గోరువెచ్చగానే ఉన్నాయనిపించింది. గుడ్డ తడిపి పిండింది. వాడి ఛాతీ మీద పెట్టబోతుంటే, పక్క మంచానికి సూది వెయ్యడానికి వచ్చిన అదే నర్సు ఆవిరి చూసి, బేసినులో వేలు పెట్టి చటుక్కున లాక్కుంది.

"అయ్యబాబోయ్, ఏటమ్మా ఇది! పొగలు కక్కుతుంటే? పిల్లాడి ఒళ్ళు బొబ్బలెక్కిపోదూ? మీకు తెలీటం లేదా?"

సత్యప్రియ చేతిలో గుడ్డ వంక చూసింది. దాన్ని తను ఇప్పుడే పిండింది, రెండు చేతులతో మెలిపెట్టి.

"తెలీటం లేదండీ" అంది.

అనేశాక ఆ మాట ఆమె చెవులకే కొత్తగా వినిపించింది. నర్సు బేసిను తీసుకుపోయింది. సత్యప్రియ మంచం అంచున కూర్చుని వాడి నుదుటి మీద చెయ్యి పెట్టింది. నుదురు తగులుతోంది. జుట్టు తగులుతోంది. డాక్టరమ్మ చెప్పిన జ్వరం మాత్రం ఎక్కడా లేదు. మెడ వెనక పెట్టింది. ఛాతీ మీద పెట్టింది. చల్లగానే ఉంది. పొద్దున్న కూడా అచ్చం ఇలాగే చల్లగా ఉంది. అప్పుడామె వంగి, వాడి నుదుటికి తన చెంప ఆనించింది.

భగ్గుమంది. ఎంత కాలుతోందంటే ఒక్క క్షణం చెంప వెనక్కి తీసుకుంది. మళ్ళీ ఆనించింది. చంటాడి ఊపిరి వేడిగా చెవిలో పడుతోంది. చెంపకి తెలుస్తోంది. మొత్తం తెలుస్తోంది. పొద్దున్న ఒక్కసారి చెంప ఆనించి ఉంటే చాలు. కానీ చెంప ఆనించాలంటే కూర్చోవాలి, వాణ్ణి ఒళ్ళోకి తీసుకోవాలి, కుండ మీద గుడ్డని వదిలెయ్యాలి. తను మంచి తల్లి కాదా, తన చెయ్యి చచ్చిపోయిందా, ఈ రెండూ ఒకటేనా? ఆ చేతిని చంపింది ఎవరు? కుండా? ఆ కుండ ముందు కూర్చోబెట్టినవాళ్ళా? ఇన్నాళ్ళూ తెలియకుండా కూర్చున్న తనా? ఆలోచన ఎటూ తేలలేదు. అలాగే చెంప ఆనించుకుని ఉండిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు అప్పుడు వచ్చాయి, వాడి జుట్టులోకి. అది చూడ్డానికి నాగేంద్ర అక్కడ లేడు. కొట్టు తెరవాలని వెళ్ళాడు.

వాడికి తగ్గింది. వైరల్ జ్వరమే, ఫిట్స్ మళ్ళీ రాలేదు. వారం ఇంట్లో ఉంచి పంపమన్నారు. నాగేంద్ర ఈసారి థర్మామీటరు కూడా తెచ్చాడు. అయితే రెండోరోజే చంటాడు దాంతో ఆడుకుని నీళ్ళ బకెట్లో వేసి పాడుచేశాడు. ఆ రాత్రి అందరికీ అన్నాలు వడ్డిస్తూ సత్యప్రియ ఆ మాట చెప్పింది. ఎలా చెప్పాలో ముందే చాలాసార్లు అనుకుంది గానీ, చివరికి మామూలుగానే వచ్చింది.

"నా చేతికి వేడి తెలీటం లేదండీ. ఆ రోజు అందుకే తెలీలేదు."

"ఇప్పుడా చెప్పడం?" అన్నాడు నాగేంద్ర, ముద్ద కలుపుకుంటూ.

కనకరత్నం మాత్రం ఆశ్చర్యపోలేదు. "రేకుల చెయ్యంటే అంతేనే అమ్మాయ్. నా చేతికి మాత్రం తెలుస్తుందేటి? ఎప్పుడో పోయింది. వీడు చిన్నప్పుడు వీడికి ఒళ్ళు వెచ్చబడిందేమోనని అనుమానమొస్తే పక్కింటావిణ్ణి పిలిచి చూపించేదాన్ని. నువ్వు కాపరానికొచ్చేక ఆ బెంగ తీరింది. అందుకేగా నిన్నెప్పుడూ చెయ్యేసి చూడమనేదాన్ని" అంది, మాగాయ ముక్క అందుకుంటూ.

సత్యప్రియ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో అత్తగారు మనవల నుదుటి మీద ఒక్కసారి కూడా చెయ్యి పెట్టి చూడలేదు. గీర అనుకుంది ఇన్నాళ్ళూ. కంచం అంచు మీదున్న ఆవిడ వేళ్ళ వంక చూసింది. కొసలు నున్నగా, గీత లేకుండా మెరుస్తున్నాయి. ఈవిడకి తెలుసు. ఈ కుండ ముందు కూర్చుంటే ఏమవుతుందో ఈవిడకి ముందే తెలుసు. తెలిసే కూర్చోబెట్టింది. తెలిసే కెమెరా ముందు పొగిడింది. తెలిసే ఆస్పత్రిలో అందరి ముందూ, ఆ చేత్తో ఏం చూసేవే అని అడిగింది. అలాగని ఆవిడ మీద గట్టిగా కోపం తెచ్చుకుందామన్నా కుదరలేదు. పక్కింటి గుమ్మంలో బిడ్డని ఎత్తుకుని నిలబడి, కాస్త చెయ్యేసి చూడండీ అని అడుగుతున్న ఒక పడుచు కనకరత్నం అడ్డొస్తోంది. ఆ పడుచుని కూడా ఎవరూ అడిగి ఉండరు, నీ చేతికేమయిందని.

"సరే అయిందేదో అయింది. ఇంక మీదట దుర్గాశ్రీ చూస్తుంది. దాని చెయ్యి లేతది, ఇట్టే తెలుస్తుంది. నువ్వు రేపటి నుంచి కుండ వెలిగించు, సారెల వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు" అంది కనకరత్నం.

"అదీ బాగానే ఉంది" అన్నాడు నాగేంద్ర.

సమస్య తీరిపోయింది. ఇద్దరూ మజ్జిగ పోయించుకున్నారు. దుర్గాశ్రీ కంచంలోకి చూస్తూ కూర్చుంది. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని అరచెయ్యి తెరిచి చూసుకుంటోంది.

అది మొదలు ఆ పిల్ల అలారం పెట్టుకుని లేవడం మొదలెట్టింది. తమ్ముడి నుదుటి మీద చెయ్యి పెడుతుంది, తీస్తుంది, తన నుదుటి మీద పెట్టుకుంటుంది, మళ్ళీ వాడి మీద పెడుతుంది. బడిలో ఇంటర్వెల్లో కూడా ఇంటికి ఫోను చేయించమని టీచర్ని అడుగుతోందట. ఆదివారం తలంటు పోస్తుంటే కళ్ళు మూసుకునే అడిగింది. "అమ్మా, నేను లేదని చెప్పి, నిజంగా ఉంటే, తమ్ముడికి ఫిట్స్ వచ్చేస్తాయా? అప్పుడు నేను చేసినట్టా?"

సత్యప్రియ చేతిలో చెంబు ఉంది. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో మోచేత్తో చూసుకుని, ఆ తర్వాతే పోసింది. "నువ్వు చేసినట్టు కాదు" అంది. పదేళ్ళ పిల్ల తలలో వేళ్ళు పెట్టి కుంకుడు నురగ రుద్దింది. తను ఈ ఇంట్లో అడుగు పెట్టినప్పుడు తన చెయ్యి కూడా లేతదే.

మర్నాడు చంటాడు బడికి వెళ్ళాల్సిన రోజు. సత్యప్రియ తెల్లారే లేచింది. అన్నం వండింది, నీళ్ళ సీసాలు నింపింది, మందు సీసా మీద ఎంత వెయ్యాలో రాసి శారోన్ టీచర్‌కి ఇవ్వడానికి సంచిలో పెట్టింది. చంటాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెంప ఆనించింది. చల్లగా ఉన్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కుండ బోర్లించినట్టే ఉంది, కింద బూడిద కూడా తీయలేదు.

"ఇంకా మంట పెట్టలేదేటే అమ్మాయ్?" కనకరత్నం గుమ్మంలోకి వచ్చింది.

"పెట్టట్లేదండీ. పిల్లల్ని ఆటో ఎక్కించి అటునుంచి అటే కొత్తపేట వెళ్తున్నాను. నా చెయ్యి డాక్టరుకి చూపించుకోవాలి. ఆయన ఏం చెప్తారో విన్నాక కుండ సంగతి."

"ఆషాఢంలో కుండ ఆపుతారేటే ఎవరన్నా? చెయ్యి ఎక్కడికి పోతుంది?"

"పోయిందండీ" అంది సత్యప్రియ.

కనకరత్నం కొడుకు వంక చూసింది. నాగేంద్ర వాచీ పెట్టుకుంటున్నాడు. ఇలాంటప్పుడు అతను వాచీ పెట్టుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఆవిడ మాట మార్చింది. "దుర్గాశ్రీ! ఏదే? ఆటో వచ్చేస్తుంది, తమ్ముడికి చెయ్యేసి చూడు."

ఒక జడ వేసి, ఒక జడ విప్పేసి ఉన్న జుట్టుతో దుర్గాశ్రీ పరిగెత్తుకొచ్చింది. అప్పటికే దాని ముఖం తెల్లబోయి ఉంది. చెయ్యి ముందుకి చాచింది.

"నువ్వెళ్ళి అన్నం తిను" అంది సత్యప్రియ. ఆ చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించింది. తర్వాత నాగేంద్ర దగ్గరికి వెళ్ళి అతని కుడి మణికట్టు పట్టుకుంది. పెళ్ళిలో తప్ప నలుగురి ముందూ అతని చెయ్యి పట్టుకున్న గుర్తు ఆమెకి లేదు. అతను కంగారుగా తల్లి వంక చూశాడు. ఆ అరచెయ్యి మెత్తగా ఉందని కళ్ళకే తెలుస్తోంది. తెచ్చి చంటాడి నుదుటి మీద పెట్టింది.

"నాకేం తెలుస్తుందే ఇవన్నీ?"

"తెలుస్తుందండీ. మీ చెయ్యి ఎప్పుడూ కుండ మీద పెట్టలేదు కదా."

సూర్యతేజ తండ్రి చేతి కింద నుంచి కళ్ళెత్తి చూశాడు. నాగేంద్ర చెయ్యి తీయబోయి, ఆగాడు. కొంచెం అటు జరిపాడు. కొంచెం ఇటు జరిపాడు. "వెచ్చగా ఉన్నట్టుందే... లేదులే, బానే ఉంది... ఉందంటావా?" అని ఆమె ముఖంలోకి చూశాడు, ఆఖరి మాట కోసం.

"మీరే చెప్పాలి. మీరు లేదంటే పంపించేస్తాం" అంది.

అతని నుదుటి మీద చెమట పట్టింది. బయట స్కూలు ఆటో వచ్చి హారన్ కొడుతోంది. కనకరత్నం కొడుకు చేతినే చూస్తోంది. సత్యప్రియ దుర్గాశ్రీ వెనక కూర్చుని రెండో జడకి పాయలు తీసుకుంది, దువ్వెన అక్కర్లేకుండా, కళ్ళతో చూసుకుంటూ. నాగేంద్ర చెయ్యి ఇంకా వాడి మీదే ఉంది.

"ఎంతసేపు పెట్టి ఉంచాలే?" అన్నాడు.

"తెలిసేదాకానండీ" అంది.